నేల విడిచి సాము

శీర్షిక: ఇంటి భద్రత



గత సంచికలో వంటగ్యాసు సిలిండరును గురించి ముచ్చటించుకున్నాం. ఈసారి ప్రస్తావించబోయే వస్తువు మన ఇళ్లకు కాస్త కొత్తది. నేల నుండి కప్పు వరకు నిలువుగా బిగించి, పట్టుకుని ఎక్కుతూ, తిరుగుతూ వ్యాయామం చేసే ఉక్కు స్తంభం అది. పిల్లలు దానిని ఫిట్‌నెస్ పోల్ అంటున్నారు. మన కాలనీలలోని యువతీయువకులు దీనిని కొనిపెట్టమని తల్లిదండ్రులను అడగడం, తల్లిదండ్రులు నన్ను సలహా అడగడం ఈమధ్య ఎక్కువయింది. అడిగినవారిలో చాలామంది ఇళ్లలో ఫాల్స్ సీలింగ్ ఉన్నది. అందువల్ల ఒక్కొక్కరికి విడివిడిగా చెప్పేకన్నా అందరికీ కలిపి ఇక్కడే విన్నవించడం మేలనిపించింది.

ఈ ఉత్సాహానికి మూలం ఎంతో దూరంలో లేదు. మన దంతెవాడకు పొరుగునే, బస్తర్ ప్రాంతంలోనే ఉన్న నారాయణ్‌పూర్‌లో అబూఝ్‌మాడ్ కొండలకు చెందిన ఆదివాసీ బాలబాలికలు కొన్నేళ్లుగా మల్లఖంబ అభ్యసిస్తున్నారు. ఆ బృందం 2023లో ఇండియాస్ గాట్ టాలెంట్ టెలివిజన్ పోటీ 10వ విడతలో విజేతగా నిలిచింది. నున్నని కర్రస్తంభంపై ఆ పిల్లలు చేసిన విన్యాసాలను మన ఇళ్లలో అందరూ కన్నార్పకుండా చూశారు. చూసిన పిల్లలకు తామూ చేయాలన్న కోరిక పుట్టడం సహజం. అది మంచి కోరిక. దానిని అదిమివేయడం ఈ శీర్షిక ఉద్దేశం కాదు.

మల్లఖంబ నిన్న మొన్నటి విద్య కాదు. 12వ శతాబ్దిలో కళ్యాణి చాళుక్య ప్రభువు మూడవ సోమేశ్వరుని 'మానసోల్లాసం'లోనే మల్లుల స్తంభాభ్యాసం ప్రస్తావన ఉన్నది. పీష్వా రెండవ బాజీరావు కాలంలో బాలంభట్ట దేవధర్ ఈ విద్యకు మళ్లీ ప్రాణం పోశాడు. నేలలో పాతిన స్తంభం, వేలాడదీసిన స్తంభం, తాడు అని దీనిలో మూడు రీతులున్నాయి. టేకు లేదా శీశం కర్రను నున్నగా చిత్రిక పట్టి, ఆముదం రాసి, ఒక కొసను నేలలో పాతుతారు. ఈ చివరి మాటను పాఠకులు మనసులో ఉంచుకోవాలి. నారాయణ్‌పూర్ పిల్లలు ఎక్కే స్తంభం నేలలో పాతినది. దానికి పైన ఏ ఆధారమూ అక్కరలేదు. మనం ఇంటిలో నిలబెట్టేది అలాంటిది కాదు.

నా ఇంటి అనుభవం

ఇతరులకు జాగ్రత్తలు చెప్పేవాడు ముందు తన తప్పు చెప్పుకోవాలి. కొంతకాలం క్రితం సెలవుపై మా తమ్ముని ఇంటికి వెళ్లాను. సముద్రతీర పట్టణంలో కొత్తగా కొన్న ఫ్లాటు అది. హాలులో తెల్లని ఫాల్స్ సీలింగ్, దానిలో దాచిన దీపాలు, చూడముచ్చటగా ఉన్నది. తమ్ముని కుమార్తె కళాశాల విద్యార్థిని. తన స్కాలర్‌షిప్ డబ్బుతో వ్యాయామ స్తంభం తెప్పించుకున్నది. "పెదనాన్నా, మీరు గనిలో సేఫ్టీ చూసేవారు కదా, మీరే బిగించి ఇవ్వండి" అన్నది. ఆ మాటకు కాస్త పొంగిపోయాను కూడా.

రసమట్టం పెట్టి స్తంభాన్ని నిట్టనిలువుగా నిలిపాను. అడుగునున్న మరను తిప్పి పైకి బిగించాను. చేతులతో పట్టి ఊపితే కదలలేదు. మూడు రోజులు ఏ లోపమూ కనిపించలేదు. నాల్గవనాటి సాయంకాలం ఆ అమ్మాయి పైకెక్కి పక్కకు వాలగా స్తంభపు పైకొస జారిపోయింది. జిప్సం పలక విరిగి తునకలు రాలాయి. స్తంభంతోపాటు ఆమె నేలపై పడింది. కుడిచేతి మణికట్టు ఎముక విరిగింది. తల సోఫా చేతికి జానెడు దూరంలో ఆగింది. ఆ జానెడు దూరమే లేకపోతే ఈ వ్యాసం రాసే మనఃస్థితిలో ఉండేవాడిని కాను.

గనిలో ఒక యంత్రభాగాన్ని పైకెత్తవలసి వస్తే, గొలుసు ఎంత మోస్తుంది, కొక్కెం ఎంత మోస్తుంది, ఆ బరువు చివరకు దేనిమీదకు చేరుతుంది అని అడగకుండా నేనెన్నడూ సంతకం చేయలేదు. ఇంటికి వచ్చేసరికి ఆ ప్రశ్నను గుమ్మం బయటే వదిలిపెట్టాను. స్తంభం కదులుతోందా లేదా అని మాత్రమే చూశాను. అది దేనికి ఆనుకుని నిలిచిందో చూడలేదు.

పైన పటారం

ఫాల్స్ సీలింగ్ అంటే ఏమిటో ముందు తెలుసుకుందాం. అసలు కప్పు, అంటే ఆర్.సి.సి. శ్లాబు, పైన ఉంటుంది. దానికి బిగించిన సన్నని లోహపు పట్టీల నుండి తేలికపాటి జి.ఐ. చట్రం వేలాడుతుంది. ఆ చట్రానికి అడుగున సుమారు 12.5 మిల్లీమీటర్ల మందంగల జిప్సం పలకలను మరలతో బిగించి, అతుకులు పూడ్చి, రంగు వేస్తారు. కార్యాలయాలలో చదరపు ఖనిజపు పలకలను చట్రంపై ఊరకే పరుస్తారు. కొన్ని ఇళ్లలో ప్లాస్టర్ ఆఫ్ పారిస్, కొన్నింటిలో పి.వి.సి. పలకలు వాడతారు. రకం ఏదైనా వ్యవహారం ఒక్కటే. అది వేలాడే తెర. చూపుకు కప్పు, పనికి కాదు.

వేలాడదీసిన పట్టీ తనను కిందకు లాగే బరువును మోయగలదు. కింది నుండి పైకి నెట్టితే ఆ పట్టీ ఏమాత్రం ఎదురు నిలవలేదు, వంగిపోతుంది. అప్పుడు పైకి లేవకుండా సీలింగును అదిమి ఉంచేవి దాని సొంత బరువు, గోడల వెంట బిగించిన అంచుల పట్టు మాత్రమే. జిప్సం సీలింగు చదరపు మీటరుకు చట్రంతో కలిపి సుమారు 10 కిలోలు తూగుతుంది అనుకుంటే, స్తంభం చుట్టూ నాలుగడుగుల చదరంలో ఉన్నది సుమారు 15 కిలోలే. దానిని మించి నెట్టినప్పుడు పలక కొద్దికొద్దిగా పైకి వంగడం మొదలవుతుంది. వానకాలపు చెమ్మకు జిప్సం మరింత మెత్తబడుతుంది. మా ఇంట మూడు రోజులు స్తంభం నిలిచి నాల్గవ రోజున జారడానికి కారణం ఇదే. సీలింగు ఒక్కసారిగా విఫలం కాలేదు. మూడు రోజులుగా మెల్లగా లొంగిపోతూ వచ్చింది. పైన పటారం, లోన లొటారం అన్న మన సామెత ఇంతకన్నా చక్కగా ఎక్కడ అతుకుతుంది!

స్తంభం ఎలా నిలుస్తుంది?

చాలామంది స్తంభం కప్పు నుండి వేలాడుతుందని భావిస్తారు. నిజానికి అది కప్పుకూ నేలకూ మధ్య ఇరుక్కుని నిలుస్తుంది. సింగరేణి బొగ్గుగనులలో పనిచేసిన పెద్దలు దీనిని వెంటనే గ్రహిస్తారు. భూగర్భంలో కప్పు కింద కలప గుంజను నిలిపి, పైన పలక పెట్టి, చీల కొట్టి బిగించేవారు. పైనా కిందా గట్టిదనం ఉన్నంతవరకే ఆ గుంజ పనిచేస్తుంది. మన వ్యాయామ స్తంభంలో చీలకు బదులు మర ఉన్నది. సూత్రం అదే.

లెక్క చాలా సులభం. స్తంభం ఎత్తు 9 అడుగులు అనుకుందాం. 60 కిలోల వ్యక్తి 6 అడుగుల ఎత్తున పట్టుకుని బయటకు వాలగా 30 కిలోల పక్కలాగుడు ఏర్పడిందనుకుందాం. అది మూడింట రెండువంతుల ఎత్తున ఉన్నది కనుక, తులాదండ సూత్రం ప్రకారం 20 కిలోలు పైకొసకు, 10 కిలోలు అడుగుకొసకు చేరతాయి. పైకొస జారకుండా ఆపేది ఒరిపిడి మాత్రమే. ఒరిపిడి శక్తి అక్కడి నొక్కుడులో సగమని అనుకుంటే, 20 కిలోలను ఆపడానికి కనీసం 40 కిలోల నొక్కుడు ఎల్లవేళలా ఉండాలి. భద్రత కోసం దానిని రెట్టింపు చేసుకుంటే 80 కిలోలు. మనిషి పైకెక్కే కొద్దీ అతని బరువు స్తంభాన్ని కిందకు అదుముతుంది కనుక పైకొస వద్ద నొక్కుడు కొంత తగ్గుతుంది కూడా. అంటే అవసరం పెరిగే క్షణంలోనే పట్టు తగ్గుతుంది. 80 కిలోలతో పైకి నెట్టే స్తంభానికి 15 కిలోల తెర ఎలా ఎదురు నిలుస్తుంది?

ఇక్కడ మరొక మోసం పొంచి ఉన్నది. ఇంటి కోసం తయారయ్యే స్తంభాలు సాధారణంగా సుమారు ఏడున్నర నుండి తొమ్మిది అడుగుల ఎత్తుకు సరిపడేలా వస్తాయి. మన ఫ్లాట్లలో శ్లాబు ఎత్తు ఇంచుమించు పది అడుగులు. ఫాల్స్ సీలింగ్ అడుగు మేర కిందకు దిగి ఉంటుంది. కనుక పెట్టెలో వచ్చిన స్తంభం ఫాల్స్ సీలింగుకు అతికినట్టు సరిపోతుంది, అసలు కప్పును మాత్రం అందుకోలేదు. "అబ్బ, మన ఇంటికే చేసినట్టున్నది" అని మురిసిపోతాం. నేనూ అలాగే మురిసిపోయాను.

మూడు మార్గాలు

ఫాల్స్ సీలింగ్ ఉన్న ఇంటిలో స్తంభం పెట్టదలచినవారికి మూడు దారులున్నాయి.

మొదటిది: ఫాల్స్ సీలింగులో రంధ్రం చేసి, స్తంభాన్ని దాని గుండా పోనిచ్చి, అసలు శ్లాబుకు ఆనించడం. దీనికి పొడిగింపు ముక్క కావాలి. ఆ ముక్క అదే తయారీదారుది, అదే వ్యాసానిది కావాలి. చాలా స్తంభాలు 45 మిల్లీమీటర్ల వ్యాసం గలవి. సమీపంలోని వెల్డింగు దుకాణంలో జి.ఐ. గొట్టం అతికించడం ప్రమాదకరం. సన్నని నిలువు కమ్మీ వంగకుండా మోయగల బరువు పొడవు పెరిగేకొద్దీ వేగంగా తగ్గుతుంది. 9 అడుగులు 10 అడుగులైతే ఆ సామర్థ్యం దాదాపు అయిదోవంతు పడిపోతుంది. అందుకే తయారీదారు సూచించిన గరిష్ఠ ఎత్తును ఎట్టి పరిస్థితిలోనూ దాటరాదు.

రెండవది: పైకొస పళ్లాన్ని శ్లాబుకు యాంకర్ బోల్టులతో శాశ్వతంగా బిగించడం. ఇది అన్నిటికన్నా గట్టి పద్ధతి. కాని శ్లాబు సాధారణంగా నాలుగైదు అంగుళాల మందమే ఉంటుంది. ఐ.ఎస్. 456 (2000) ప్రకారం సాధారణ వాతావరణంలో ఇనుప కమ్మీలకు అడుగున 20 మిల్లీమీటర్ల కాంక్రీటు కవచం ఉండాలి. అంటే డ్రిల్లు కొద్దిగా లోపలికి వెళ్లగానే కమ్మీ తగలవచ్చు. ఫ్యాను కొక్కేనికి వెళ్లే విద్యుత్ గొట్టాలు కూడా శ్లాబులోనే ఉంటాయి. కావున ఇది ఇంటి యజమాని స్వయంగా చేసే పని కాదు, సివిల్ పని తెలిసినవారు కమ్మీల స్థానం గుర్తించి చేయవలసిన పని. సంస్థ క్వార్టరులో గాని, అద్దె ఇంటిలో గాని ఉన్నవారు వ్రాతపూర్వక అనుమతి లేకుండా శ్లాబులో ఒక్క రంధ్రమైనా చేయరాదు.

మూడవది: కప్పును ముట్టకుండా, వెడల్పాటి పీఠంపై తనంతట తానే నిలిచే స్తంభం. పీఠం సుమారు అయిదడుగుల వ్యాసంతో ఉంటుంది కనుక స్థలం ఎక్కువ పడుతుంది, ధర కూడా ఎక్కువే. కాని కప్పు విషయంలో సందేహం ఉన్న ఇంటికి ఇదే తగినది.

బిగించే క్రమం

మొదటి మార్గాన్ని ఎంచుకున్నవారు ఈ క్రమాన్ని పాటించాలని మనవి.

1. ముందుగా తట్టి వినండి. సింగరేణి గనులలో కప్పును ఇనుప చువ్వతో తట్టి, మోత బట్టి దాని గట్టిదనం తెలుసుకునే ఆచారం ఉన్నది. గట్టి కప్పు గణగణమంటుంది, విడివడిన కప్పు డప్పులా బోలుగా పలుకుతుంది. మన ఇంటి సీలింగును కర్రతో తట్టితే అంతటా బోలు మోతే వస్తుంది. దానిని గుర్తుంచుకోండి. శ్లాబును తట్టినప్పుడు వచ్చే మోతకు, దీనికి ఉన్న భేదం చెవికి తెలియాలి.

2. మెయిన్ స్విచ్ ఆపి, సీలింగులోని ఒక దీపాన్ని దింపి, ఆ రంధ్రంలో నుండి టార్చి వేసి చూడండి. శ్లాబు ఎంత ఎత్తున ఉన్నదో టేపుతో కొలవండి. తీగలు, ఏ.సి. గొట్టాలు, చట్రపు కమ్మీలు ఎటు పోతున్నాయో కాగితంపై గుర్తించుకోండి. ఫాల్స్ సీలింగుపై తీగలను గొట్టం లేకుండా ఊరకే పరచి ఉంచడం కద్దు. వాటిపై రంపం పడితే ప్రాణాపాయం.

3. స్థలం ఎంపిక అన్నిటికన్నా ముఖ్యం. 1200 మిల్లీమీటర్ల సీలింగు ఫ్యాను రెక్క మధ్యబిందువు నుండి రెండడుగుల దూరం తిరుగుతుంది. స్తంభం పట్టుకుని చేయి, కాలు చాచిన మనిషి మరొక అయిదారడుగులు ఆక్రమిస్తాడు. ఈ రెండు వృత్తాలు ఎక్కడా తాకరాదు. అంత స్థలం లేకపోతే ఆ గదిలో ఫ్యాను తీసివేయాలి. "అభ్యాస సమయంలో ఆపుతాం" అన్న మాట నమ్మదగినది కాదు. ఇంట్లో ఎవరో ఒకరు అలవాటుగా స్విచ్ వేస్తారు. గాజు బల్ల, అలమర మూల, కిటికీ అద్దం కూడా ఆ వృత్తానికి బయటే ఉండాలి.

4. రంధ్రం పైకొస పళ్లెంకన్నా కాస్త పెద్దదిగా ఉండాలి. చట్రపు కమ్మీ అడ్డు వస్తే కమ్మీని కోయకుండా స్థలాన్నే కొద్దిగా జరపాలి. కోసిన అంచుల చుట్టూ అదనపు కమ్మీ వేయించాలి. స్తంభం సీలింగును ఎక్కడా తాకరాదు. మిగిలిన ఖాళీని కప్పడానికి విడివిడిగా రెండు ముక్కలుగా దొరికే వలయం అమర్చవచ్చు. అది అలంకారం మాత్రమే.

5. శ్లాబు అడుగున సిమెంటు పూత ఉంటుంది. పళ్లెం కూర్చునే చోట దానిని తట్టి చూసి, బోలుగా పలికితే ఊడదీసి, కాంక్రీటుపై సమతలంగా మళ్లీ పూత వేయించి, బాగా ఆరనివ్వాలి. తడిసిన మరకలు, తుప్పు చారలు, బయటపడిన కమ్మీలు కనిపిస్తే అక్కడ స్తంభం పెట్టరాదు. ముందు శ్లాబుకు మరమ్మతు కావాలి.

6. నేలను మరువరాదు. కింద బోలుగా ఉన్న టైలు ఒత్తిడికి పగులుతుంది. టైలును కూడా తట్టి చూసి, గట్టిదానిపైనే పీఠం పెట్టాలి.

7. తూకం గుండుతో గాని రసమట్టంతో గాని రెండు దిక్కుల నుండి నిలువు సరిచూసి బిగించాలి. ఒరిగిన స్తంభం ఎంత బిగించినా జారుతుంది. తయారీదారు చెప్పినదానికన్నా ఎక్కువ బిగించడమూ తప్పే, పూత చిట్లుతుంది, స్తంభం వంగుతుంది.

8. బిగించిన వెంటనే ఎక్కరాదు. ముందు చేతులతో నాలుగు దిక్కులకూ లాగి చూడాలి. ఒక రాత్రి గడిచాక మళ్లీ నిలువు, బిగువు చూడాలి. తరువాత పెద్దవారు ఒకరు నేలపై కాళ్లుంచి, బరువంతా మెల్లమెల్లగా వేసి చూడాలి. ఆ పిమ్మటనే అభ్యాసం.

ఎక్కడ పెట్టరాదు

సిమెంటు రేకుల ఇంటిలో గాని, ఇనుపరేకుల షెడ్డులో గాని పైకి నెట్టే స్తంభం పనికిరాదు. రేకు ఏ ఒత్తిడినీ తాళదు. బయటకు పొడుచుకు వచ్చిన బాల్కనీలో వద్దు. అక్కడ పడితే ఎక్కడికి పడతామో చెప్పనక్కరలేదు. ద్వారబంధాల మధ్య బిగించే అడ్డకమ్మీకి, చిన్నపిల్లల ఉయ్యాలకు కూడా ఇదే విచారణ వర్తిస్తుంది. పైగా ఉయ్యాల విషయంలో ఒక లెక్క గుర్తుంచుకోవాలి. నిలువు నుండి 60 డిగ్రీల వరకు ఊగే ఉయ్యాల, అట్టడుగుకు వచ్చే క్షణంలో కొక్కేన్ని పిల్లవాని బరువుకు రెట్టింపుతో లాగుతుంది. ఫాల్స్ సీలింగు చట్రానికి ఉయ్యాల కట్టడం ఊహకు కూడా రానీయకూడదు.

పెరడు ఉన్నవారికి మాత్రం నారాయణ్‌పూర్ పిల్లల దారి తెరిచే ఉన్నది. గట్టి కర్రస్తంభాన్ని నేలలో పాతుకోవచ్చు. నేలపైనున్న ఎత్తులో కనీసం మూడోవంతు లోతు నేలలో ఉండాలి. గుంటలో రాళ్లు వేసి బాగా దిమ్మిస కొట్టాలి. మన ప్రాంతపు వానలకు ఎర్రమట్టి మెత్తబడుతుంది కనుక ప్రతి వర్షాకాలానంతరం స్తంభపు మొదలు ఊగుతున్నదేమో చూడాలి. మట్టి తాకే చోట కర్రకు పుచ్చు, చెదలు పట్టడం సహజం. అక్కడ చాకుమొనతో గుచ్చి చూస్తే తెలిసిపోతుంది.

ప్రతిదినం ఒక నిమిషం

గనిలో యంత్రం నడిపేవాడు షిఫ్టు మొదట్లో బ్రేకు, ఆయిలు చూసుకున్నట్టే, స్తంభం ఎక్కేవారు ప్రతిసారీ ఒక నిమిషం కేటాయించాలి. మర బిగువుగా ఉన్నదా, స్తంభం నిలువుగా ఉన్నదా, పైపళ్లెం పక్కన కొత్త చీలిక గాని రాలిన పొడి గాని ఉన్నదా, అతుకుల మరలు వదులయ్యాయా అని చూడాలి. ఉంగరాలు, గాజులు తీసివేయాలి. చేతికి నూనె, చెమట ఉండరాదు. కింద మందపాటి పరుపు ఉండాలి. ఇంట్లో మరొకరు ఉన్నప్పుడే అభ్యసించాలి. ఇవన్నీ ఉన్నా తలకిందులయ్యే విన్యాసాలను గురువు లేకుండా ప్రయత్నించరాదు.

మా తమ్ముని కుమార్తె సంగతి చెప్పి ముగిస్తాను. ఆమె పడిన తరువాత ఇంట్లో పెద్ద చర్చ జరిగింది. ఆడపిల్లకు స్తంభాలెక్కే వ్యాయామమేమిటని బంధువులు గొణిగారు. స్తంభాన్ని అమ్మివేద్దామని తమ్ముడన్నాడు. కట్టుకట్టిన చేతితో ఆ అమ్మాయి నావైపు తిరిగి, "తప్పు స్తంభానిదా పెదనాన్నా, కప్పుదా?" అని అడిగింది. రెండింటిదీ కాదు, నాదని అందరి ముందూ ఒప్పుకున్నాను. తాడు మల్లఖంబను ఆడపిల్లలు అభ్యసిస్తారని కూడా చెప్పాను.

ఎముక అతికి, వైద్యుడు అనుమతించిన తరువాత, తెలిసిన సివిల్ మేస్త్రీని పిలిపించి సీలింగు కోయించాం. శ్లాబుపై పూత బోలుగా ఉన్నదని తట్టగానే తెలిసింది. ఊడదీయించి కొత్త పూత వేయించాం. తయారీదారు పొడిగింపు తెప్పించాం. ఫ్యాను తీసి గోడకు మార్పించాం. ఇంత చేసినా మొదటిసారి ఆమె స్తంభం పట్టుకున్నప్పుడు నా అరచేతులు చెమర్చాయి. ఆమె పైకెక్కి, మెల్లగా ఒక చుట్టు తిరిగి దిగింది. దిగగానే, ఎవరూ చెప్పకుండానే, పైపళ్లెం వైపు టార్చి వేసి చూసుకున్నది.

నేల విడిచి సాము చేయరాదని మన పెద్దలు ఊరకే అనలేదు. ఇంటిలో ఏ వస్తువును ఎక్కించినా, వేలాడదీసినా, నిలబెట్టినా, దాని బరువు చివరకు ఏ గట్టి ఆధారాన్ని చేరుతోందో వేలితో చూపగలగాలి. చూపలేకపోతే ఆ పని అక్కడితో ఆపాలి. ఈ సంచిక చదవడం ముగించాక పాఠకులు ఒకసారి తలెత్తి, తమ ఇంటి కప్పుకు ఏమేమి వేలాడుతున్నాయో, ఏమేమి ఆనుకుని ఉన్నాయో చూడవలసిందిగా కోరుతున్నాను.

వచ్చే సంచికలో వర్షాకాలంలో ఇంటి ఎర్తింగు పరీక్షను గురించి తెలుసుకుందాం. అంతవరకు సెలవు.